అలిగి మోడెం పట్టుకుపోయిన బావ

మా బావ పోయాడని మా అప్ప ఫోను చేసింది. అప్ప అంటే మా వైపు అక్క. "ఒరే తమ్ముడా, మీ బావ ఎలిపోనాడురా. కాఫీ కలిపి తెచ్చీసరికి కుర్సీలో అలాగే ఉన్నాడు" అంది. ఆ తరవాత, "కొట్టు తాళాలు కనబడ్డం లేదు. ఎక్కడెట్టినాడో ఏటో" అంది.

తాళాలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. నా కొట్టులో కేలండరు మేకుకి వేలాడుతున్నాయి. ముందురోజు సాయంత్రం నా పేపరు ఊరికే చదవడానికి వచ్చి, నా కుర్చీలోనే కూర్చుని, నన్నే నాలుగు తిట్టి, తాళాలు మరిచిపోయి వెళ్లాడు. పొద్దున్న వస్తాడు కదా, నేనూ నాలుగు అందామని చూస్తున్నాను. ఆ అవకాశం కూడా లేకుండా చేశాడు.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. పెద్దకర్మ నాడు భోజనాలకి ముందు ఒక పెద్దమనిషి లేచి, మా బావ అజాతశత్రువన్నాడు. నేను ముందు వరసలోనే ఉన్నాను. రోడ్డుకి ఇవతల ఇన్నేళ్లు శత్రువుగా కూర్చున్నవాణ్ణి ఎదురుగా పెట్టుకుని అంత మాట ఎలా అనగలిగాడో నాకు బోధపడలేదు. బావ మెచ్చుకున్నవాళ్లు వచ్చి చెప్పుకున్నారు, బాగానే ఉంది. ఆయన తిట్టినవాళ్ల వాటా సంగతేమిటి? ఆ వాటాలో పెద్ద ముక్క నాది. అందుకని ఇది రాస్తున్నాను.

నేను తొమ్మిదో తరగతి తప్పి, ప్రెస్సులో అక్షరాలు కూర్చే పనికి కుదిరిన మనిషిని. నా చదువంతా నేను కూర్చిన సరుకే. పెళ్లి కార్డులు, సినిమా కరపత్రాలు, ఎన్నికల వాగ్దానాలు. సీసం అక్షరాల కాలం పోయాక పలాసలో, కాశీబుగ్గ రోడ్డులో డీటీపీ కొట్టు పెట్టాను. మా బావ అప్పటికి టెక్కలిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్నాడు. ఆఫీసులున్న ఊరు కనక ఆయన చేత వేళ్ల మీద స్కేలు దెబ్బ తినని గుమాస్తా ఆ డివిజన్లో ఉండేవాడు కాదు. టైపుకి జనం రావడం మానేశాక ఆయన పలాస వచ్చి, ఊళ్లో ఇంత చోటుండగా, సరిగ్గా నా ఎదురుగానే కంప్యూటర్ కొట్టు తెరిచాడు.

"ఇక్కడే ఎందుకు బావా?" అని అడిగాను.

"నీ మొహం కనబడుతుంటే పని సేయాలనిపిత్తాది. లేపోతే నీలాగైపోతానని బయ్యం" అన్నాడు.

ఆయన పెళ్లి సంగతి ఒకటి ఇక్కడే చెప్పేస్తాను, ముందుకెళ్లాక కావాల్సి వస్తుంది. మా పెళ్లిళ్లలో పెళ్లికొడుకు అలగడం ఉంది. మంచం మీద అటు తిరిగి కూర్చుంటాడు. ఆడపిల్ల వాళ్లు వాచీయో సైకిలో ఇస్తామనేదాకా ఇటు తిరగడు. మా బావా కూర్చున్నాడు, అటు తిరిగాడు. మా నాన్న ఏం కావాలని అడిగితే, "ఇప్పుడేటీ అక్కర్లేదు మావా. కావల్సినప్పుడు అడుగుతాను, ఇద్దురుగాని" అన్నాడు. ఎంత మంచి అల్లుడో అని ఆడవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఈ మనిషి దేన్నీ వదులుకునే రకం కాదు, దాచుకునే రకం.

ఇక కంప్యూటర్ల మాటకొస్తే, పలాసలో వాటిని బతికించడమే ఒక శిక్ష. జీడిపిక్కలు కాల్చే బట్టీల పొగ జిడ్డుపొగ. ఫ్యాన్ సందులోంచి దూరి సీడీ డ్రైవు కంటికి కాటుకలా పట్టేస్తుంది. బావ పొద్దున్నే దూదితో దాన్ని తుడుస్తూ బట్టీల వాళ్లని తిట్టేవాడు, గాలిని తిట్టేవాడు, గాలి నా కొట్టు మీదుగా వీస్తుంది కాబట్టి నన్నూ తిట్టేవాడు. స్క్రూడ్రైవరు ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేది, పెన్ను ఉండాల్సిన చోట. టైపు మిషను మూత తీస్తే ఏ మీట నొక్కితే ఏ అక్షరం లేస్తుందో కనబడుతుంది. ఆయనకి లోకంలో ప్రతి వస్తువూ అలా ఉండాలి. లేకపోతే అది తనని మోసం చేస్తున్నట్టే లెక్క.

ఆ రోజుల్లో మా రోడ్డులో ఎవరి కొట్టులోనూ కొన్న విండోస్ లేదు. ఒకరి సీడీ ఒకరు కాపీ చేసుకోవడమే. ఒకసారి టై కట్టుకున్న కుర్రాడొకడు ఏదో కంపెనీ తరఫున వైజాగ్ నుంచి వచ్చి, నేర్చుకునే పిల్లలందరి ముందూ మా బావతో, "మీ దగ్గరున్నదంతా దొంగ సరుకే కదండీ, దీనికి మళ్లీ వారంటీ ఏమిటి?" అన్నాడు. బావ తిట్టే తిట్టు కోసం నేను గుమ్మంలో నిలబడి ఎదురుచూశాను. ఆయన దూది తీసుకుని డ్రైవు తుడవడం మొదలెట్టాడు.

ఆ నెలలోనే ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీ పట్టుకొచ్చాడు. దాని మీద పొట్టేసుకు నిలబడ్డ పెంగ్విన్ పిట్ట బొమ్మ. విండోస్‌కి బదులు పెట్టుకునే లినక్స్ అట.

"ఇది దొంగది కాదు. ఎవుడికైనా ఇవ్వొచ్చు, ఇప్పి సూసుకోవచ్చు, ఎవుడూ అడగడు" అన్నాడు.

"ఊరికే ఎందుకిత్తారు బావా? ఏదో తేడా ఉంటాది."

"మీ నాన్న నాకు మీ అప్పని ఊరికే ఇచ్చినాడు. ఇన్నేళ్లు కాపరం సేసినాను, ఏ తేడా లేదు. తేడా అంతా నువ్వే."

ఇప్పుడు ఆ సిస్టమ్ ఎక్కించడం చిన్నపిల్లలాట. సీడీ పెట్టి, టీ తాగి వచ్చేసరికి అయిపోయి ఉంటుంది. అప్పుడు అది పెళ్లిచూపులకొచ్చిన పెద్దముత్తయిదువులా ప్రశ్నలు వేసేది. డిస్కుని ఎన్ని ముక్కలు చేయమంటావు, మౌసు ఏ జాతిది, మోనిటర్ తెర క్షణానికి ఎన్నిసార్లు మెరుస్తుంది. ఈ చివరిది తప్పు చెబితే మోనిటర్ కాలిపోవచ్చని అదే హెచ్చరించేది కూడా. బావ టీవీ మెకానిక్కుని పిలిచి అడిగాడు. "అది నాకు తెలిత్తే నాను టీవీలెందుకు బాగుసేత్తాను బాబూ" అని అతను టీ తాగి వెళ్లిపోయాడు.

దసరా నాడు ముహూర్తం పెట్టాడు. ఆయుధపూజలో స్క్రూడ్రైవరూ కీబోర్డులూ పెట్టి, పక్కన ఆ సీడీ పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. పూజ అయ్యాక విండోస్ మొత్తం చెరిపేసి, సీడీ లోపలికి తోశాడు. సిస్టమ్ సగం ఎక్కి ఆగిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ అక్కడే ఆగింది. ఉన్నది పోయింది, వచ్చేది రాలేదు. డ్రైవు కన్ను తుడిచాడు, బట్టీల వాళ్లని తిట్టాడు, చివరికి తప్పక రోడ్డు దాటి, "నీ డ్రైవులో ఎట్టి సూడు" అని సీడీ నా చేతిలో పెట్టాడు.

నేను దాన్ని తిరగేశాను. తళతళలాడే పక్కన మూడు వేళ్ల గంధం, మధ్యలో నిండుగా కుంకుమ బొట్టు.

అప్పని పిలిచాం. "సీడీకి బొట్టెట్టినావేటప్పా?"

"పూజలో ఎట్టిన వొస్తువుకి బొట్టెట్టకుండా ఒగ్గీమంటావేటి?"

"మరి ఎనకాతల ఎందుకెట్టినావు?"

"ముందుపక్క పిట్ట ఉంది. పిట్ట మొహాన బొట్టేటి, ఎబ్బెట్టుగా. ఇటుపక్క అద్దంలాగుంటే ఎట్టినాను."

బావ ఆవిడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "పెళ్లయినకాణ్నుంచీ మీ ఇంటోళ్లంతా ఇదే పని మీదున్నారు" అన్నాడు. సీడీని సబ్బునీళ్లతో కడిగి, పాత పంచెతో ఒత్తి, మళ్లీ పెట్టాడు. పిట్ట లోపలికి వెళ్లింది. ఆ తరవాత ప్రతి దసరాకీ అప్ప బొట్టు పిట్ట మొహానే పెట్టింది.

కానీ ఫోను తీగలోంచి ఇంటర్నెట్ తెచ్చే మోడెం మూగబోయింది. ప్రింటరు అక్షరాలకి బదులు చీమలు పాకినట్టు గుర్తులు కొట్టి పేజీలకి పేజీలు ఉమ్మేసేది. కారణం డ్రైవర్లు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇచ్ఛాపురం అవతల బేరానికి వెళ్తే ఒరియా రానివాడు రెండు భాషలూ వచ్చిన మనిషిని వెంట పెట్టుకుంటాడు కదా, సిస్టమ్‌కీ మిషనుకీ మధ్య డ్రైవర్ అలాంటిది. మేం కొన్న చవక మోడెం కార్డులు నిజానికి సగం మోడెంలే. మిగతా సగం తెలివి విండోస్ కోసం కంపెనీ రాసిచ్చిన డ్రైవర్‌లో ఉండేది. లినక్స్‌కి కంపెనీ రాయదు. పోనీ ఇంకెవరైనా రాసుకుంటామంటే ఆ కార్డు లోగుట్టు చెప్పదు. బావ ఉత్తరం రాస్తే, ఆ సిస్టమ్‌కి తమ మద్దతు లేదని ఒక్క ముక్క జవాబిచ్చారు.

"వొస్తువు నాకమ్మీసినాడు, తాళంసెవి ఆడికాడే ఉంచుకున్నాడు. మరి నాను కొన్నదేటి? తలుపా?" అని వచ్చినవాడికీ పోయినవాడికీ చెప్పేవాడు. తలుపు అరిగిపోయేలా చెప్పేవాడు. నాకు విసుగెత్తి, "విండోస్ ఎట్టుకుని బతకరాదా" అంటే, "టై కట్టుకున్న గుంటడొచ్చి నన్ను మళ్లీ దొంగన్నా నీకు ఒంటికి తగల్దు. నీకది పేరు కాదు, ఉద్యోగం" అన్నాడు.

ఇంటర్ ఫలితాలు ఇంటర్నెట్‌లో పెట్టడం అప్పుడే మొదలైంది. ఆ ఒక్క రోజే మా కొట్లకి ఏడాదంతా నిలబడే పేరు. నందిగాం నుంచి, భావనపాడు నుంచి, ఉద్దానం ఊళ్లన్నింటి నుంచి తల్లిదండ్రులు హాల్‌టికెట్లు పట్టుకుని బస్సులు దిగారు. బావ కొట్టు పెద్దది, ముందు అక్కడికే వెళ్లారు. మోడెం పలకలేదు. ఆయన కార్డు పీకి పెట్టాడు, పెట్టి పీకాడు. జనం ఒక్కొక్కరే రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చేశారు. నేను గుమ్మంలోంచి, "బావా, నీ పిట్ట ఎగరదేటి?" అని అడిగాను. అది ఎగిరే జాతి కాదని నాకు తెలుసు. తెలిసే అడిగాను.

ఆ సాయంత్రం మా అప్ప తీర్పు చెప్పేసింది. ఆ కొట్టు మీద ఆవిడ మాటే చెల్లుతుంది, స్థలం ఆవిడ పేర ఉంది. "వచ్చే ఏడు ఫలితాల్నాడు కూడా ఇది పలక్కపోతే, కంప్యూటర్లు అటకెక్కించి జీడిపప్పు పేకెట్ల కొట్టెట్టీసుకుంటాను. బస్సోళ్లు ఆగుతారు, బేరం ఉంటాది. నువ్వు కాటా కాడ కూకుందువుగాని" అంది. బావ ముఖం నేను చూశాను. టెక్కలి గుమాస్తాలందరికీ మాస్టారైన మనిషి కాటా దగ్గర కూర్చోవడం ఆయనకి అప్పుడే కనబడిపోయినట్టుంది.

ఏడాదంతా దొరికిన కార్డల్లా తెచ్చి పెట్టి చూశాడు. అన్నీ సగం మోడెంలే. చివరికి వైజాగ్‌లో ఎవరో కాలేజీ పిల్లలు చెప్పారట, బయట పెట్టుకునే పాతకాలం మోడెం పెట్టెకి దాని తెలివి దానికే ఉంటుంది, ఏ సిస్టమ్ మాట్లాడినా పలుకుతుంది అని. అలాంటివి దుకాణాల్లో దొరకడం అప్పటికే మానేశాయి. పలాసలో ఒకే ఒకటి ఉంది. నేను ఇంటర్నెట్ వచ్చిన కొత్తలో మోజుపడి కొన్నది, నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువుకి పెట్టుకున్నది. రోజూ రోడ్డవతల నుంచి ఆయన కంటికి కనబడుతూనే ఉంది. ఆయన అడగలేదు. నేను దాన్ని అక్కణ్ణుంచి తియ్యలేదు.

ఫలితాల వారంలో ఒక పొద్దున్న ఆయన ఇస్త్రీ చేసిన పట్టుపంచె, భుజాన కండువా వేసుకుని నా కొట్టుకి వచ్చాడు. వచ్చి బేరగాళ్ల బల్ల మీద కూర్చుని, గోడ వైపు తిరిగాడు. కొట్టులో భావనపాడు నుంచి తమ్ముడి పెళ్లికార్డు కోసం వచ్చిన పడవ యజమాని ఒకాయన ఉన్నాడు.

"ఏటి బావా? పేపరు ఇటుంది" అన్నాను. గోడతో, "అలిగినాను" అన్నాడు.

వెనకాలే అప్ప వచ్చి, తెచ్చిన తలగడ ఆయన పక్కన పెట్టింది. "పెళ్లిలో అలక తీరిందేటి? కావల్సినప్పుడు ఇత్తానని నాన్న మాటిచ్చినాడు. నాన్న లేడు, నువ్వున్నావు" అంది.

పడవాయన పెళ్లికార్డు పక్కన పెట్టి సర్దుకుని కూర్చున్నాడు. "పెళ్లికొడుకు అలిగితే ఇచ్చీయాల బాబూ. మా వోళ్లలో అయితే పడవడిగినా ఇచ్చీయాల" అన్నాడు.

"ముసిలోడివి, అలకేటి బావా? సిగ్గులేదేటి?"

"సిగ్గుంటే మీ ఇంటి పిల్లని సేసుకుంటానేటి?"

"మద్దిన నన్ను లాగకండి" అంది అప్ప.

"ఏటి కావాల?" అన్నాను, తెలిసే. ఆయన తల తిప్పకుండా గెడ్డంతో మోడెం వైపు చూపించాడు.

"వారం రోజులకి అడిగితే ఇవ్వనేటి?"

"నీకాడ ఎరువు తెచ్చుకుంటే సచ్చీవరకూ ఊరంతా సెప్తావు. ఇది ఎరువు కాదు. నాకు రావల్సింది."

అప్పటికి గుమ్మంలో జనం చేరారు. "అట్టుకుపో, తీగల్తో సహా అట్టుకుపో. ఇదీ పలక్కపోతే మీ జీడిపప్పు కొట్టులో మొదటి బేరం నాదే" అన్నాను. ఆయన లేచి, మోడెం చంకన పెట్టుకుని, తలగడ కూడా మరిచిపోకుండా తీసుకుని రోడ్డు దాటాడు. పడవాయన కార్డు ప్రూఫ్ చదవడం ఆ రోజు అవలేదు.

ఫలితాల ముందు సాయంత్రం మహేంద్రగిరి వైపు నుంచి మబ్బు పట్టి, ఒక్క పిడుగు పడింది. మా వైపు ఎండాకాలం పిడుగులు టెలిఫోన్ తీగ పట్టుకుని నడిచొస్తాయి. నా కొట్టులో పటుక్కుమని చప్పుడు, కమురు వాసన. నా మోడెం కార్డు బొగ్గయింది. బావ మాత్రం మొదటి ఉరుముకే తన ఫోను తీగ పీకేసుకుని కూర్చున్నాడు. పొద్దున్న నేను వెళ్లి, నా మోడెం నాకివ్వమన్నాను.

"అలకలో ఇచ్చింది ఎనక్కడుగుతారేటి? మీ వొంశంలో ఉందేటలాటిది?" అన్నాడు.

ఈసారి జనం పోయినేడు గుర్తుండి ముందు నా దగ్గరికే వచ్చారు. అవతలికి వెళ్లమని నా నోటితో నేనే చెప్పాల్సి వచ్చింది. అవతల మోడెం గీపెట్టింది, బొంగురుపోయిన కాకిలా, మా రోడ్డంతా వినబడేలా. అంతమంది జనంలో బావ ఒక్కసారి నా వైపు చూశాడు. ఆ చూపు నేను ఇప్పటికీ క్షమించలేదు.

మార్కులు తెర మీదికి వచ్చాయి. కానీ తెర మీద చూసి ఎవరూ కదలరు. కాగితం కావాలి. ఊరెళ్లి చూపించుకోవాలి కదా. బావ ప్రింటరు చీమల్ని కొడుతోంది. నా ప్రింటరుకి ఏ లోటూ లేదు, దానికి పంపడానికి మార్కులు లేవు. ఆయన తన మెట్టు మీద నిలబడ్డాడు, నేను నా మెట్టు మీద నిలబడ్డాను. ఇద్దరం రోడ్డు చూస్తున్నాం.

అప్ప బయటికొచ్చింది, చేతిలో మార్కులు ఎక్కించిన ఫ్లాపీ. "మీరిద్దరూ సచ్చీవరకూ ఇలాగే నిలబడండి. గుంటలు ఏడుత్తన్నారు" అని, వచ్చే టెక్కలి బస్సుకి చెయ్యి అడ్డం పెట్టి రోడ్డు దాటింది.

ఫ్లాపీ తెరిస్తే మార్కులన్నీ ఒకే వరసలో, గూడ్సు బండిలా. "ఇదేటి, ముక్కలు సేయలేదేటి?" అని అరిచాను. "నోట్‌పాడ్‌లో తెరిసినావేటి? వర్డ్‌లో తెరువు, మొద్దూ" అని అవతల నుంచి అరిచాడు. తెరిచాను. సరిగ్గానే ఉంది. ఆ మధ్యాహ్నమంతా అప్ప ఫ్లాపీతో అటు వెళ్తే అక్కడో తిట్టు, ఇటు వస్తే ఇక్కడో తిట్టు. బస్సు డ్రైవర్లు ఆవిడని చూసి వాళ్లంతట వాళ్లే ఆపడం మొదలెట్టారు. నందిగాం నుంచి వచ్చిన ఒకావిడ కూతురు పాసైందని తెర మీద చూసినా నమ్మలేదు. నా కొట్టుకొచ్చి కాగితం చేతిలో పడ్డాక, వెచ్చగా ఉందని దాన్ని చెంపకి ఆనించుకుంది.

జీడిపప్పు కొట్టు మాట అప్ప మళ్లీ ఎత్తలేదు. మేం కలిసిపోయామని మాత్రం అనుకోకండి. ఆ సాయంత్రమే వాటాల దగ్గర పెద్ద గొడవైంది. కొట్టు నిలబడిందన్న గర్వంతో ఆయన ఇంకా భరించరానివాడైపోయాడు. అప్పట్నుంచి ఏ ఏడాదైనా, ఉరుము వినబడితే చాలు, ఎదుర్నుంచి ఒక కేక: "ఒరే బామ్మర్ది, తీగ పీకు. కాలిపోతే నీకోసం అలిగీవోడు ఎవుడూ లేడు."

తరవాత లినక్స్ సులువైపోయింది. పోయినేడు నా కంప్యూటర్‌కి వైరస్ పట్టి చచ్చిపోతే, బావ కొత్త సీడీ తెచ్చి పెట్టాడు. అది ఒక్క గడ్డు ప్రశ్న అడగలేదు. ప్రింటరూ, పాటలూ, ఇంటర్నెట్టూ దానంతటదే పట్టేసుకుంది. ఆయన స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. "మోసం" అన్నాడు. "దీనికి నాతో ఏటి పని?" చివర్లో వైర్‌లెస్ కార్డు ఒకటి మొరాయించింది. కంపెనీ వాడి ఫైలు ఏదో ఉంటే గానీ పలకనంది. బావ నిటారుగా కూర్చున్నాడు. "బతికించినాడు ఎదవ" అని కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆయన్ని సంతోషంగా చూడటం నాకు అదే ఆఖరు.

పెద్దకర్మ అయిన రెండ్రోజులకి మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఎదర కొట్టు షట్టరు దించే ఉంది. తాళాలు నేనే అప్ప చేతికి ఇచ్చాను. మహేంద్రగిరి వైపు ఉరిమింది. పాత అలవాటుగా నేను చెయ్యి కదపకుండా కూర్చున్నాను, తిట్టు వచ్చాక పీకుదామని. మళ్లీ ఉరిమింది. ఎదర షట్టరు కరకరమంటూ సగం లేచింది. అప్ప నడుము వంచి దాని కిందనుంచి బయటికొచ్చి, మెట్టు మీద నిలబడింది.

"ఏటలా సూత్తన్నావు, ఎర్రిమొకం ఏసుకుని? తీగ పీకు" అంది.

పీకి, కనబడేలా పైకెత్తి చూపించాను. అవతల అప్ప చేతిలో కూడా ఫోను తీగ ఉంది, అప్పుడే పీకినది. ఆవిడ వెనక చీకట్లో, మొహాన బొట్టుతో ఆ పాత మోడెం, ఇంకా ఎర్రగా వెలుగుతున్న దాని చిన్న దీపం. మా ఇద్దరి మధ్యా రోడ్డు మీద వాన మొదలైంది.